గుడియాత్తం రోడ్డు, పాత కార్లు, ఒక నోటుబుక్కు



పోయిన నెల ఇక్కడ ఒక పాత ఫోటో పెట్టాను. గుడియాత్తంలో మా పెదనాన్నగారి ఇంటి ముందర స్టాండర్డ్ హెరాల్డ్ కారు, దాని పక్కన దీపావళి పావడా కట్టుకుని మా అక్క. ఫోటో నలుపు తెలుపే గానీ, కారు లేత ఆకుపచ్చ అని నాకు బాగా గుర్తు. (నీలం అంటుంది మా అక్క. ఆ తగువు ఇంకా తీరలేదు.) ఆ ఫోటో చూసి నాకు తొమ్మిది మంది ఫోన్ చేశారు. రాయవేలూరు నుంచి ఐదుగురు, గుడియాత్తం నుంచి ముగ్గురు, పేర్నంబట్టు నుంచి ఒకరు. ఏడుగురు "మా ఇంట్లోనూ ఒక పాత కారు ఉండేదండీ" అన్నారు. ఇద్దరు మాత్రం "ఉంది" అన్నారు. ఒకరిది కాట్పాడిలో రేకుల షెడ్డులో, ఇంకొకరిది సాయినాథపురంలో కొబ్బరిమట్టల కింద.

ఉన్నది ఉండేదిగా ఎట్లా మారిపోతుందో రాద్దామని కూర్చున్నాను. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

మన రోడ్డుతోనే మొదలు పెడతాను. రాయవేలూరు నుంచి గుడియాత్తం పోయే దారి మనకు పెళ్లిళ్లకు పోయే దారి, లుంగీల మూటలు పోయే దారి, వైశాఖంలో గంగమ్మ సిరసు చూడ్డానికి పోయే దారి. ఈ జిల్లాలో కార్ల చరిత్ర కూడా ఆ దారి మీదనే మొదలైందని చెప్పుకోవచ్చు. డాక్టర్ ఐడా స్కడర్ గారు 1870లో పక్కనున్న రాణిపేటలోనే పుట్టారు. 1902లో వేలూరులో ఆమె తెరిచిన మేరీ టేబర్ షెల్ ఆసుపత్రే పెరిగి పెరిగి ఇవాళ్టి సి.ఎం.సి. అయింది. ఆసుపత్రిదాకా రాలేని పల్లె జనం కోసం ఆమె వారానికొకసారి మందుల పెట్టెలతో గుడియాత్తం వైపు బయలుదేరేవారు. దారి పొడుగునా చెట్ల కింద రోగులు కాచుకుని ఉండేవాళ్లు. మొదట్లో ఎద్దుల బండే. పోను 23 మైళ్లు, రాను 23 మైళ్లు, మధ్యలో వందల మందిని చూడాలి. బండితో ఎంత పని జరుగుతుంది?

1909 ప్రాంతంలో ఆమెకు ఒక పెజో కారు వచ్చింది. ఫ్రాన్సులో చేసినది, ఒకే సిలిండర్. ఇవాళ మన ఇళ్లల్లో ఉండే స్కూటరుకూ ఒకే సిలిండర్ ఉంటుంది, అంతటి యంత్రం అనుకోండి. ఎద్దు లేకుండా గుర్రం లేకుండా పొగ కక్కుకుంటూ వచ్చే ఆ బండిని చూసి పల్లెల్లో జనం దయ్యం వస్తోందని పొలాల్లోకి పరుగెత్తారని ఆమె జీవిత చరిత్రలు చెబుతాయి. కొన్ని వారాలకే అదే జనం ఆ చప్పుడు కోసం రోడ్డు పక్కన కాచుకుని కూర్చున్నారు. పెట్రోలు బంకులు లేని కాలం, పెట్రోలు డబ్బాల్లో తెచ్చుకోవాలి. టైరు పంక్చరైతే వేసేవాడు లేడు. అప్పటికి మన జిల్లా కలెక్టరు కూర్చునేది వేలూరులో కూడా కాదు, చిత్తూరులో. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు వేరే జిల్లా అయ్యాకనే ఉత్తర ఆర్కాడుకు వేలూరు ముఖ్యపట్టణం అయింది. అంటే గుడియాత్తం, పలమనేరు, చిత్తూరు అన్నీ ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో ఆ పెజో ఈ దారిన తిరిగింది. ఆ కథ ఇవాళ్టిదాకా వచ్చిందంటే ఉత్తరాల్లో, పుస్తకాల్లో రాసిపెట్టినవాళ్లు ఉన్నందుకు. ఈ మాట తర్వాత మళ్లీ ఎత్తుతాను.

అదే కాలానికి మద్రాసులో మనవాళ్ల సంగతి చూడండి. మద్రాసులో ఎం.సి. 1 అనే నంబరు కారు హార్బరు అధికారి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌ది. ఎం.సి. 3 నంబరు మాత్రం మన తెలుగువారిది, తాటికొండ నంబెరుమాళ్ చెట్టిగారిది. మద్రాసులో కారు కొన్న మొదటి భారతీయుడు ఆయనే అంటారు. హైకోర్టు, విక్టోరియా మెమోరియల్ హాలు వంటి ఎర్ర ఇటుకల భవనాలు కట్టిన కాంట్రాక్టరు. చేట్‌పట్టులో వీధులకు వీధులు ఆయన ఇళ్లే. తిరువళ్లూరు వీరరాఘవస్వామి దర్శనానికి కుటుంబం పోయేందుకు సొంతంగా నాలుగు పెట్టెల రైలు పెట్టుకున్నారని కూడా చెబుతారు. నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. గణితవేత్త రామానుజన్‌కు హార్బరులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చి ఆదుకున్నది ఎం.సి. 1 ఆసామి. జబ్బుతో తిరిగివచ్చిన రామానుజన్ 1920లో కన్నుమూసింది ఎం.సి. 3 ఆసామి ఇంట్లో. కార్ల పుస్తకం తెరిస్తే మనుషుల పుస్తకం తెరుచుకుంటుందని నేను ఊరికే అనడం లేదు.

మద్రాసులోని సింప్సన్ కంపెనీలో సామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఆయన 1903లో ఆవిరితో నడిచే కారు చేసి రోడ్డు మీదికి తెచ్చాడు. 1905లో అదే కంపెనీ చేసిన ఆవిరి బస్సు తిరిగిన దారి బెజవాడ నుంచి బందరుకు. మన తాతలు బొగ్గుల బస్సు గురించి చెప్పేవాళ్లే, అది వేరు. అది రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషన్ అయినప్పుడు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని తిరిగిన బస్సు. రెండూ కలిపేసి చెబుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

ఇక తమిళనాడు తెలుగువాళ్లం మనం మోటారు గురించి మాట్లాడుతూ జి.డి. నాయుడుగారి పేరు ఎత్తకపోతే పాపం. గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. చదువు అబ్బలేదు. ఊరికి ఒక తెల్ల అధికారి మోటారు సైకిలు మీద వస్తే దాన్ని చూసి పిచ్చెక్కిపోయి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, చివరికి ఆ బండినే కొన్నారు. కొని ఏం చేశారు? విప్పేశారు. మళ్లీ బిగించారు. 1920లో ఒక్క బస్సుతో పొళ్లాచ్చి నుంచి పళనికి సర్వీసు మొదలు పెట్టారు. అదే యు.ఎం.ఎస్., యూనివర్సల్ మోటార్ సర్వీస్. ఆ ఒక్క బస్సు వందల బస్సులైంది. 1952లో రెండు వేల రూపాయలకు అమ్మగలిగే రెండు సీట్ల చిన్న కారు చేసి చూపించారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. ఈ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఆయన 1974లో పోయారు. కుటుంబం కూడబెట్టిన పాత కార్లతో 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. మీలో పిల్లల్ని ఊటీకి తీసుకుపోయేవాళ్లు దారిలో ఒక పూట అక్కడ దిగండి. 2025లో ఆ అవినాశి రోడ్డు మీదనే కట్టిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు.

లైసెన్సు మాట వచ్చింది కాబట్టి మన ఇళ్లల్లోకి ఏ కార్లు ఎందుకు వచ్చాయో చెబుతాను. 1953లో ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. విడిభాగాలు ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించి అమ్మడం కుదరదు, ఇక్కడే తయారు చేసే ఏర్పాటు ఉన్నవాళ్లే ఉండాలి. దాంతో ఫోర్డు, జనరల్ మోటార్స్ దుకాణం కట్టేశాయి. అప్పటిదాకా వచ్చిన షెవర్లే, బ్యూక్, డాడ్జ్ కార్లు ఉన్నవి ఉన్నట్టే మిగిలాయి. ఆ తర్వాత మనకు దొరికినవి మూడే మూడు రకాలు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో చేసే అంబాసిడర్, బొంబాయి ఫియట్, మన మద్రాసు స్టాండర్డ్. స్టాండర్డ్ ఫ్యాక్టరీ 1948లో పెట్టింది, వండలూరు దగ్గర పెరుంగళత్తూరులో. ముందు వ్యాన్‌గార్డ్, తర్వాత టెన్, 1961 నుంచి హెరాల్డ్. అదే 1948లో పెట్టిన అశోక్ మోటార్స్ వాళ్లు ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించారు. ఇవాళ మనం ఎక్కే అశోక్ లేలాండ్ బస్సుకు ముత్తాత ఆ చిన్న ఆస్టిన్ కారే.

కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాలి. అందుకని ఉన్న కారును పాతికేళ్లు, ముప్పై ఏళ్లు నడిపారు. గుడియాత్తం జౌళి వ్యాపారులు, పేర్నంబట్టు తోళ్ల షావుకార్లు, వేలూరు డాక్టర్లు, వకీళ్లు అందరూ అంతే. విడిభాగం దొరక్కపోతే లేతు షాపులో చేయించారు, లేకుంటే మద్రాసు పుదుపేటలో పాత బండి నుంచి ఊడబీకించి తెచ్చుకున్నారు. పెట్రోలు ఖరీదైనప్పుడు పెద్ద అమెరికా కార్ల ఇంజను తీసేసి డీజిల్ ఇంజను కూర్చోబెట్టారు. మన మెకానిక్కుల గొప్పతనం అక్కడే పుట్టింది. మన పాత కార్లకు ఇవాళ్టి చిక్కు కూడా అక్కడే పుట్టింది, అది ముందుకు చెబుతాను.

మా పెదనాన్న కారు 1969 నాటిది. హెరాల్డ్ మార్క్ త్రీ, నాలుగు తలుపులది. ఇంగ్లండులో హెరాల్డ్‌కు రెండే తలుపులు. నాలుగు తలుపులు మన దేశం కోసమే చేశారు, మన ఇళ్లల్లో కారు ఎక్కేది ఇద్దరు కాదు కాబట్టి. దాని బానెట్ మామూలుగా తెరుచుకోదు. ముందు బంపరు దగ్గర నుంచి మొత్తం ముఖమంతా ముందుకు వంగిపోతుంది. అలా తెరిచి ముందు చక్రం మీద కూర్చుని పని చేసేవాడు మా మెకానిక్ భాయ్. గుడియాత్తంలో ఆయన పేరు తెలియనివారు లేరు, పేరు రాయను. చిన్నప్పుడు స్పానర్లు అందించే పని నాది. కార్బొరేటర్ విప్పి, పెట్రోల్లో కడిగి, ఎండలో గుడ్డ మీద ఆరబెట్టి, ఏ స్క్రూ ఎక్కడిదో నన్ను అడిగేవాడు. తప్పు చెబితే నెత్తి మీద ఒక మొట్టికాయ.

పెదనాన్న 1989లో పోయారు. కారు షెడ్డులో ఉండిపోయింది. అన్నదమ్ముల్లో ఒకరు బెంగళూరులో, ఒకరు మస్కట్‌లో. ఆర్.సి. పుస్తకం ఎవరి బీరువాలో ఉందో ఎవరికీ తెలీదు. మొదటి ఏడు అందరూ "బాగు చేయిద్దాం" అన్నారు. మూడో ఏడు "ఎవరైనా కొంటారేమో చూద్దాం" అన్నారు. 1996లో ఇల్లు పంచుకుంటున్నప్పుడు ఆ షెడ్డు చోటు కావాల్సి వచ్చింది. కాయలాన్ కడ వాడు వచ్చి తూకం వేసి ఆరు వేల ఐదు వందలకు తీసుకుపోయాడు. బేరం కుదిర్చింది నేనే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ డబ్బు ఇప్పించినందుకు ఇంట్లో మెచ్చుకున్నారు కూడా.

మరునాడు భాయ్ వచ్చాడు. ఖాళీ షెడ్డు వైపు చూసి, "తమ్ముడూ, నాకొక మాట చెప్పుంటే నేను తీసుకుపోయుండేవాడిని కదా, ఇల్లు ఇక్కడే కదా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మొట్టికాయ వేసినా బాగుండేది.

అది తుప్పు పట్టి పోలేదు, ఇంజను చెడి పోలేదు. పుస్తకం ఒకరి దగ్గర, తాళం ఇంకొకరి దగ్గర, పనితనం మరొకరి దగ్గర ఉండిపోయి, ముగ్గురూ ఒక పూట కూడా కలిసి కూర్చోలేదు. అంతే.

మరి కలిసి కూర్చున్నవాళ్లు ఎక్కడెక్కడ ఏం చేశారో వెదికాను. ఇంగ్లండులో 1896 నవంబరు 14న కార్ల వేగం మీద ఉన్న పాత ఆంక్షలు పోయిన సంబరంలో లండన్ నుంచి బ్రైటన్‌కు కార్లు నడిపారు. 1927లో ఆ ప్రయాణాన్ని పాత కార్లతో మళ్లీ చేశారు. 1930లో ఆ పరుగు ముగిశాక బ్రైటన్‌లో ఒక హోటల్లో కూర్చున్న ముగ్గురు మిత్రులు వెటరన్ కార్ క్లబ్ పెట్టారు. పాత కార్ల కోసం పెట్టిన సంఘాల్లో అన్నిటికంటే ముందు వరుసలోది. ముగ్గురే! వాళ్లు నెత్తికెత్తుకున్న ముఖ్యమైన పని ఏ కారు ఏ ఏడు తయారైందో కాగితాలూ భాగాలూ చూసి తేల్చడం. బహుమతుల సంగతి తర్వాత. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాత కార్ల ర్యాలీ మొదలు పెట్టింది. ఏడాదికొకసారి ఒక తేదీ అంటూ ఉండేసరికి, ఆ తేదీకి నడపాలని షెడ్డుల్లో కార్లు బాగుపడడం మొదలైంది. మనకు దగ్గర్లో మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ ఉంది. ఏ.వి.ఎం. స్టూడియోలో ఆ కుటుంబానికి చెందిన ఎం.ఎస్. గుహన్ గారు కూడబెట్టిన పాత కార్లతో 2023 మేలో మ్యూజియం తెరిచారు. హైదరాబాదులో నిజాంల రోల్స్ రాయిస్ గురించి మీకందరికీ తెలిసిందే. అవి రాజుల కార్లు, వాటిని కాపాడ్డానికి మనుషులున్నారు. నా దిగులు కాట్పాడి రేకుల షెడ్డు గురించి.

ఎందుకంటే ఇప్పుడు కాలం దగ్గర పడింది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బండి వింటేజ్ కింద లెక్క. కొత్తగా రిజిస్టర్ చేయించుకుంటే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యూవల్‌కు 5,000. నంబరులో వి.ఏ. అనే అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజూ ఆఫీసుకు తోలుకుపోవడం కుదరదు. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలు పోయించుకోడానికి మాత్రం నడపవచ్చు. ఇది మంచి నియమమే.

అయితే రెండు మెలికలున్నాయి. ఒకటి, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజను గానీ మార్చి ఉండకూడదు. ఇందాక చెప్పిన డీజిల్ ఇంజను బండ్లు ఇక్కడ ఆగిపోతాయి. మన మెకానిక్కులు బతికించిన పద్ధతే వాటికి అడ్డమైంది. రెండోది, నడి వయసు కార్ల గతి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ రుసుం 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. 1985 నాటి పద్మిని ఉందనుకోండి. వింటేజ్ కావాలంటే 2035 దాకా ఆగాలి. అంతవరకు మామూలు బండి లెక్కన రుసుం కట్టాలి, ఎఫ్.సి. చూపించాలి. ప్రపంచంలో పాత బండ్ల సంఘాలన్నిటికీ పెద్దదైన ఫీవా లెక్కలో 30 ఏళ్లు దాటితేనే చారిత్రక వాహనం. మన దగ్గర ముప్పైకీ యాభైకీ మధ్య ఉన్నది పెంట కిందే జమ. కాయలాన్ కడ వాడు ఎదురు చూస్తున్నది ఈ వయసు బండ్ల కోసమే. అంబాసిడర్ 2014లో ఆగింది, పద్మిని 2000 దాటగానే ఆగింది. ఇక అవి పుట్టవు.

ఇంకా గమనించండి, "మొదటి రిజిస్ట్రేషన్ తేదీ" అన్నారు. అది ఎక్కడుంటుంది? ఆర్.సి. పుస్తకంలో. అంటే తాతగారి ట్రంకుపెట్టెలో, పెళ్లిపత్రికల కట్ట కింద. కారు కంటే ముందు కాపాడాల్సింది ఆ పుస్తకాన్ని.

ఫోటో కథ ఇంకొంచెం ఉంది. కాట్పాడి ఆయన కారు కూడా హెరాల్డే, మార్క్ త్రీయే. అన్నీ ఉన్నాయట, ఎడమవైపు వెనక తలుపు అద్దం మాత్రం పగిలింది, ఎనిమిదేళ్లుగా దొరకడం లేదు, అక్కడ ప్లైవుడ్ ముక్క పెట్టుకున్నాడు. ఆ మాట విని నేను ఊరికే ఉండలేక భాయ్ ఇంటికి పోయాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, చూపు మందగించింది, కొడుకులు షెడ్డు చూసుకుంటున్నారు. విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవడిని పిలిచి, అటక మీద గోనెసంచిలో చుట్టి ఉన్నవి దించమన్నాడు.

ఆ రోజు మా ఇంటి నుంచి ఆయన నేరుగా కాయలాన్ కడకు పోయాడట. అప్పటికే బాడీ కోసేశారు. మిగిలిన గేర్ బాక్సు, నాలుగు తలుపుల అద్దాలు తన డబ్బుతో కొని తెచ్చుకున్నాడు. ఇన్నేళ్లూ దాచాడు. "ఎవరికో ఒకరికి కావాలి కదా తమ్ముడూ" అన్నాడు. అద్దం కాట్పాడికి పోయింది. సరిగ్గా సరిపోయింది.

కాబట్టి నా విన్నపం ఇదీ. క్లబ్బు, అధ్యక్షుడు, చందా ఇవేవీ ఇప్పుడు వద్దు. ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. కారుకొక పేజీ. ఏ కంపెనీది, ఏ ఏడు, నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్.సి. ఎవరి దగ్గరుంది, తాళం ఎవరి దగ్గరుంది, చివరిసారి ఎప్పుడు స్టార్టయింది, ఎవరు రిపేరు చేసేవారు. కారు పోయినా సరే, "ఉండేది" అన్నవాళ్లకూ పేజీ ఉంది. ఫోటో, బిల్లు, డ్రైవరు పేరు, ఏదైనా సరే. మెకానిక్కులకు వేరే పేజీలు. వాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు కాబట్టి ముందు వాళ్ల దగ్గరికే పోతాను. మన యువకుల్లో ఫోన్లో బాగా రికార్డు చేయగలిగినవాళ్లు ఇద్దరు నాతో వస్తే చాలు. ఇది తెలుగువాళ్లకే అని గీత గీయకండి. భాయ్ ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తమిళం, మాతో తెలుగు. కారుకు ఏ భాషైనా ఒకటే.

కాట్పాడి హెరాల్డ్‌కు బ్రేకుల పని ఇంకా ఉంది. సంక్రాంతి లోపల అయిపోతుందని భాయ్ కొడుకు అంటున్నాడు. కాగితాలు కూడా సరిపోతే, ఒక ఆదివారం పొద్దున వేలూరు కోట ముందు నుంచి బయలుదేరి, డాక్టరమ్మ పోయిన దారినే గుడియాత్తం దాకా మెల్లిగా పోయి భాయ్ ఇంటి ముందు ఆపాలని అనుకుంటున్నాం. సాయినాథపురం బండి కూడా లేస్తే రెండవుతాయి.

వచ్చే ఆదివారం ఉదయం పది నుంచి సంఘం హాల్లో నోటుబుక్కుతో ఉంటాను. మధ్యాహ్నం గుడియాత్తం వస్తాను. ఆర్.సి. పుస్తకాలు అసలువి తేవద్దు, జిరాక్సు చాలు. మా అక్క కూడా వస్తానంది. రంగు సంగతి ఆమెను అడక్కండి.